చెరకు ఎవరి లెక్కలోది? బోధన్ గడ్డ నుంచి రెండు ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మంత్రివర్గ సభ్యులకు, కేంద్ర వాణిజ్య, వ్యవసాయ, ఆహార శాఖల మంత్రులకు,

ఈ లేఖ రెండు కవర్లలో రావాల్సింది. ఒకటి హైదరాబాద్‌కు, ఇంకొకటి ఢిల్లీకి. బోధన్ రైతుకూ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడికీ ఉన్న అనుభవం వల్ల ఒక్క కవరులోనే పంపవలసి వస్తోంది. రాష్ట్రాన్ని అడిగితే చక్కెర విధానం కేంద్రం చేతిలో ఉందంటారు. కేంద్రాన్ని అడిగితే ఫ్యాక్టరీ రాష్ట్రానిదంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం చాటునే ఆ ఫ్యాక్టరీ నడిపిన నిజాం షుగర్స్‌లో 2015 డిసెంబరు 23న ప్రకటించిన లేఆఫ్ ఏళ్ల తరబడి సాగింది. కాబట్టి మీరిద్దరూ ఒకే బల్ల ముందు కూర్చొని ఈ కాగితం చదవాలని విన్నపం.

ఒప్పుకోలేని మాట ఒకటి ఉంది. ఫ్యాక్టరీ తెరవండి అన్నప్పుడల్లా ఎదురు వచ్చే ప్రశ్న: బోధన్ చుట్టుపక్కల చెరకు ఎక్కడుంది? ముందు రైతులు చెరకు వేయాలి, గానుగ సంగతి ఆ తర్వాత చూద్దాం అనే ధోరణి ప్రభుత్వంలో పాతుకుపోయింది.

చెరకు సంగతి తెలిసినవారు ఈ మాట అనగలరా? మక్కలు పండించిన రైతు ఒక వ్యాపారి వద్దంటే ఇంకొకరికి అమ్ముకుంటాడు. వడ్లు ఆరబోసుకొని నెల రోజులు ఆగగలడు. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోగలడు. చెరకుకు ఆ వెసులుబాటు లేదు. నరికిన గడియ నుంచే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగ చేరకపోతే దాని నుంచి వచ్చే చక్కెర శాతం, అంటే రికవరీ, పడిపోతుంది. ముచ్చె (విత్తనపు ముక్క) నాటిన నాటి నుంచి నరికే నాటికి ఏడాది. మొదటి తోట నరికాక అదే మోడు నుంచి మొలిచే కార్శి తోట. చెరకు వేసిన రైతు రెండు మూడేళ్లపాటు తన పొలాన్ని ఒకే ఒక్క కొనుగోలుదారుకు ముడివేసినట్టే. ఆ కొనుగోలుదారు గేటుకు తాళం వేలాడుతుండగా ముందు నువ్వు నాటు అంటే, జూదం రైతునే ఆడమని చెప్పినట్టు. ఓడితే పోయేది అతని ఎకరం, గెలిస్తే రిబ్బన్ కత్తిరించేది మీరు.

ఈ ప్రాంతానికి చెరకు కొత్త కాదు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. వర్ని, కోటగిరి, బోధన్ పొలాల్లో మూడు తరాల రైతులకు చెరకు చేయడం చేతి గీతల్లా తెలుసు. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువల కింద క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డవారి పిల్లలూ మనుమలూ ఇప్పటికీ ఆ ఊళ్లలోనే ఉన్నారు. చెరకు మానేసింది చేతకాక కాదు, కొనేవాడు పోయాడు గనుక.

ఒక పాత సంగతి గుర్తుచేయాలి. రాచరికాన్ని పొగడటానికి కాదు, లెక్క అర్థం కావడానికి. మంజీరపై నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి 1937లో పునాది పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరుండేది. ఆనాడు డ్యాము కట్టిన డబ్బు ఎవరిది? హైదరాబాద్ సంస్థానానిది. నీటి తీరువా ఎవరికి? ఆ ఖజానాకే. ఫ్యాక్టరీలో ప్రధాన వాటా ఎవరిది? ఆ ప్రభుత్వానిదే. చక్కెర బస్తాలు మోసిన రైలు కూడా 1930 నాటికే సంస్థానం సొంతం చేసుకున్నది. కాలువలో నీరు తగ్గితే చెరకు తగ్గుతుంది, చెరకు తగ్గితే చక్కెర తగ్గుతుంది, రైలు కిరాయి తగ్గుతుంది, అన్ని చోట్లా నష్టం ఒకే జేబుకు తగులుతుంది. అందుకే ఆ జేబు యజమాని కాలువనూ గానుగనూ ఒకే చూపుతో చూశాడు. ఆ పాలనలో రైతు పడ్డ కష్టాలు వేరే కథ. ఖర్చు పెట్టినవాడికే రాబడి దక్కే ఏర్పాటు మాత్రం అప్పుడు ఉంది.

ఇప్పుడు చెరకు గడను అడ్డంగా కోసి చూడండి. ఒక్కో కణుపు ఒక్కొక్కరిది. నీళ్లూ కరెంటూ రాష్ట్రం ఇవ్వాలి. ఏ ఊరి చెరకు ఏ మిల్లుకు వెళ్లాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ధర మాత్రం 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద ఢిల్లీ నిర్ణయిస్తుంది. 2025–26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. చక్కెర కనీస అమ్మకపు ధరా ఢిల్లీదే. 2019 ఫిబ్రవరిలో కిలో 31 రూపాయలుగా పెట్టిన ఆ ధర అలాగే ఉండగా, చెరకు ధర 2018–19 నాటి 275 నుంచి 355కు ఎక్కింది. బజారులో చక్కెర అంతకన్నా ఎక్కువకే అమ్ముడుపోతున్నదన్నది నిజమే. అయినా ఈ రెండు అంకెల పోకడలో ఒక సంగతి కనబడుతుంది. చెరకు ధర పెంచితే రైతు సంతోషిస్తాడు, చక్కెర ధర పెంచకపోతే పట్నంలో చాయ్ తాగేవాడు సంతోషిస్తాడు. రెండు సంతోషాలూ ప్రకటించినవారి ఖాతాలో పడతాయి. మధ్యలో నలిగే మిల్లు భారం ప్రకటించినవారి మీద పడదు.

మరి రాబడి? ఒకప్పుడు మిల్లు కొన్న ప్రతి టన్ను చెరకు మీద కొనుగోలు పన్ను రాష్ట్రానికి వచ్చేది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం దానికి ఆధారం. చక్కెర మీద ఎక్సైజు సుంకం, చక్కెర అభివృద్ధి నిధి కోసం వేసిన సెస్సు కేంద్రానికి వెళ్లేవి. 2017 జులైలో జీఎస్టీ వచ్చి వీటన్నిటినీ మింగేసింది. ఇప్పుడు చక్కెర మీద 5 శాతం పన్ను. అది కూడా చక్కెర తయారైన చోట దక్కదు, తిన్న చోట దక్కుతుంది. బోధన్‌లో తయారైన బస్తా నాగపూర్‌లో అమ్ముడైతే రాష్ట్ర వాటా పన్ను మహారాష్ట్రకే. చక్కెర మిల్లు నడిపించినందుకు తెలంగాణ ఖజానాకు నేరుగా వచ్చేది ఇప్పుడు బహు స్వల్పం.

చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ నుంచి వచ్చే మద్యం సంగతి వేరు. తాగే మద్యాన్ని జీఎస్టీ బయట ఉంచాలని రాష్ట్రాలు పట్టుబట్టి సాధించుకున్నాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాల్ మీద కూడా రాష్ట్రాలకు అధికారం ఉందని 8–1 తేడాతో తీర్పు చెప్పింది. పన్ను దక్కే చోట రాష్ట్రాలు తొమ్మిది మంది న్యాయమూర్తుల దాకా వెళ్లి కొట్లాడతాయి. పన్ను దక్కని చోట గేటు తుప్పుపట్టినా పట్టించుకోవు. రాష్ట్ర మంత్రివర్గ సభ్యులారా, ఇందులో తప్పుంటే సరిదిద్దండి.

2002 సంగతి కూడా ఇదే లెక్కతో చూడాలి. అప్పుడు శక్కర్‌నగర్, మెదక్ దగ్గర ముంబోజిపల్లి, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట యూనిట్లను నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి సంస్థగా మార్చి, 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు అప్పగించారు. 49 శాతం ప్రభుత్వం దగ్గర మిగిలింది. ఆ నిర్ణయాన్ని ఒక ముఖ్యమంత్రి ఇష్టానికి మాత్రమే కట్టిపెడితే సగం నిజమే చెప్పినట్టు. 1998లో ఉమ్మడి రాష్ట్రం ప్రపంచ బ్యాంకు నుంచి ఆర్థిక పునర్నిర్మాణ రుణం తీసుకుంది. ప్రభుత్వ సంస్థలను వదిలించుకోవడానికి ఒక ప్రత్యేక సచివాలయమే ఏర్పడింది. దానికి బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ డబ్బిచ్చింది. మరోవైపు పదకొండో ఆర్థిక సంఘం సూచన మీద కేంద్రం 2000 నుంచి 2005 దాకా 10,607 కోట్ల రూపాయల ప్రోత్సాహక నిధి పెట్టి, ఖర్చులు తగ్గించి ఆదాయం పెంచిన రాష్ట్రాలకు అందులోంచి ఇస్తామంది. అంటే ఫ్యాక్టరీని నిలబెట్టిన రాష్ట్రానికి బహుమతి లేదు, వదిలించుకున్న రాష్ట్రానికి శభాష్ ఉంది. ఆ నిబంధనలు రాసిన ఢిల్లీ అధికారి బోధన్ పేరైనా విని ఉంటాడా?

ఆ తర్వాత మాటల వరుస మీకు కంఠతా వచ్చు. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం వేశారు, అది అమ్మకాన్ని తప్పుపట్టింది, అమ్మకం మాత్రం నిలబడింది. 2014లో వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్న హామీ. 2015లో మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘానికి అప్పగిస్తామన్న ఉత్తర్వు, అదే ఏడాది చివర లేఆఫ్. తర్వాత దివాలా చట్టం కింద కేసు, 2019లో లిక్విడేషన్ ఆదేశం. 2024 జనవరిలో పరిశ్రమల మంత్రి దుద్దిళ్ల శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ. బ్యాంకు బకాయిలు తేల్చడానికి కొంత డబ్బు కట్టారన్నది నిజం, ఆ మేరకు ముందటివారి కన్నా ఒక అడుగు ఎక్కువే వేశారు. అయితే రైతు చూసేది అడుగులు కాదు, చెరకు నరకమని మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డరు.

సహకార పద్ధతి మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. రైతులు ముందుకు రాలేదని అప్పట్లో వారి మీదే నింద వేశారు. నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడటం కళ్లారా చూసినవారు, అప్పులు ఎవరు తీరుస్తారో తేల్చకుండా తాళం చెవులు చేతిలో పెడతామంటే ఎలా తీసుకుంటారు?

చెరకు పోయిన పొలాల్లో ఏం వచ్చింది? వడ్లు. ఈ మార్పు వెనుక ఉన్న లెక్కను మీ ఇద్దరికీ ఓపికగా విప్పి చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయ ఇదే.

ఎకరానికి 25 క్వింటాళ్ల చొప్పున వానాకాలం, యాసంగి రెండు పంటలు పండాయనుకుందాం. 50 క్వింటాళ్లు. 2025–26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర 2,389 రూపాయలు. మొత్తం 1,19,450. సన్నవడ్లకు రాష్ట్రం 2024 వానాకాలం నుంచి ప్రకటించిన 500 రూపాయల బోనస్ రెండు పంటలకూ సక్రమంగా అందితే ఇంకో 25,000 కలిసి 1,44,450 అవుతుంది. సన్నాల దిగుబడి కొంత తక్కువే, ఆ మేరకు తగ్గించుకోండి. అదే ఎకరంలో 35 టన్నుల చెరకు పండితే, టన్నుకు 3,550 చొప్పున 1,24,250. ఇందులోంచి నరుకుడు కూలి, లారీ కిరాయి పోవాలి. డబ్బు ఏడాది తర్వాత వస్తుంది. చెరకు తోలిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలని, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలని చట్టం ఉంది. ఆ వడ్డీ కళ్లజూసిన చెరకు రైతు దేశంలో ఎంత వెతికినా దొరకడం కష్టం.

ఇప్పుడు చెప్పండి. వడ్ల మీద 500 ఇచ్చే మంత్రివర్గమే చెరకు వేయమని అడుగుతోంది. కుడిచేత్తో లాగుతున్నదాన్ని ఎడమచేత్తో తోస్తున్నారు. చెరకు ఎకరాలు పెరగకపోతే తప్పు రైతుదా?

వడ్లకే ఇంత ఆదరణ ఎందుకంటే, వాటి బిల్లు చివరికి చేరేది ఢిల్లీకి. మద్దతు ధర కేంద్రానిది, బియ్యం తీసుకునేది ఎఫ్‌సీఐ, రేషన్ బియ్యం ఖర్చు కేంద్రానిది. కొనుగోలు కేంద్రం తెరిచినందుకు పేరు మాత్రం రాష్ట్రానికి వస్తుంది. ఖర్చు ఒకరిది, కీర్తి ఇంకొకరిది అయినప్పుడు ఆ పంట ఎకరాలు పెరగక ఏమవుతాయి? ఆ బిల్లు ఎక్కువైందనుకున్న కేంద్రం 2021–22లో ఉప్పుడు బియ్యం తీసుకోనన్నది. యాసంగి ఎండకు మన వడ్లు మర పట్టిస్తే నూకలవుతాయి కాబట్టి, ఉప్పుడు బియ్యం వద్దంటే యాసంగి వడ్లనే వద్దన్నట్టు. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలోనే దీక్షకు కూర్చున్నారు. వడ్ల కోసం ఒక రాష్ట్ర ప్రభుత్వం మొత్తం ఢిల్లీకి కదిలింది. చెరకు కోసం అలా ఎందుకు కదల్లేదు? ఢిల్లీలో చెరకు బిల్లు కట్టే ఖాతా లేదు గనుక.

బోనసుల విషయంలోనూ ఇదే తీరు. మద్దతు ధర మీద రాష్ట్రాలు బోనస్ ఇస్తే, రేషన్‌కు కావలసిన మేరకే ధాన్యం తీసుకుంటామని కేంద్రం 2014లో రాష్ట్రాలకు స్పష్టం చేసింది. దాంతో ఛత్తీస్‌గఢ్ 2020లో అదే డబ్బును బోనస్ అనకుండా ఎకరా సాయంగా పేరు మార్చి ఇచ్చింది. పద్దు పేరు ఒకటి వద్దంటే ఇంకొకటి వెతుక్కునే తెలివి ప్రభుత్వాలకు ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ తెలివి బోధన్ చెరకు కోసం ఎందుకు పనిచేయదు?

ఇక పసుపు. ఇక్కడ రైతులు మీ లెక్కను మీకే తిప్పి చూపించారు, అందుకే ఆ కథ చెప్పి తీరాలి. 2019 ఫిబ్రవరిలో పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కావాలని ఆర్మూర్ ప్రాంత రైతులు 44వ జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఎవరూ దిగిరాలేదు. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీచేస్తే అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి ఎన్నిక జరపవలసి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కుమార్తె, సిట్టింగ్ ఎంపీ కవిత 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు.

తర్వాతి తేదీలు కేంద్ర మంత్రులకు బాగా తెలుసు. 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 4న నోటిఫికేషన్. 9న తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు బోర్డు ప్రారంభం. జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయాన్ని హోంమంత్రి తెరిచారు. బోర్డు రావడం మంచిదే. దాన్ని తక్కువ చేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డుతో మాత్రం పోల్చి చూడాలి. అది 1975లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. ఎంత పంట వేయాలో నిర్ణయిస్తుంది, రైతులను నమోదు చేస్తుంది, వేలం కేంద్రాలు తానే నడుపుతుంది. పసుపు బోర్డు ఒక నోటిఫికేషన్‌తో పుట్టింది. ఎగుమతులు 2030 నాటికి వంద కోట్ల డాలర్లకు చేరాలన్న లక్ష్యం ఉంది. నిజామాబాద్ యార్డులో కాడి, గోళ పసుపు కుప్పల ముందు రేటు కోసం ఎదురుచూసే రైతుకు ధర పడిన రోజు ఆ బోర్డు ఏం చేయాలో చట్టంలో లేదు, ఎందుకంటే చట్టమే లేదు.

ధర పడినప్పుడు ఆదుకోవడానికి మార్కెట్ జోక్య పథకం ఉందని మీరు అనవచ్చు. అందులో నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాలి. ముందు రాష్ట్రం ప్రతిపాదన పంపాలి. ప్రతిపాదన పంపితే సగం నష్టం తన నెత్తిన పడుతుందని రాష్ట్రానికి తెలుసు. పంపకపోతే రాష్ట్రం పంపలేదని పార్లమెంటులో జవాబు చెప్పవచ్చని కేంద్రానికి తెలుసు. ఇద్దరికీ ఊరకుండటమే లాభం. సగం సగం అన్న మాట వినడానికి న్యాయంగా ఉంటుంది. రైతు వైపు నుంచి చూస్తే, ఇద్దరూ తప్పించుకోవడానికి తలా ఒక తలుపు పెట్టుకున్నట్టుంది.

ఇవన్నీ సమాఖ్య వ్యవస్థలో సహజమే అనకండి. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రమే చెరకుకు విడిగా ధర ప్రకటిస్తుంది. ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2021 సెప్టెంబరులో అది 325 నుంచి 350కి పెరిగింది. కట్టవలసింది మిల్లు కాబట్టి ప్రకటన తేలిక. అక్కడి బకాయిల బాధ అక్కడి రైతులకు ఉంది. కానీ చెరకు ఓటు బరువైనదని అక్కడి ప్రభుత్వాలకు తెలుసు. మహారాష్ట్ర సహకార మిల్లులు ఆదాయపు పన్ను శాఖతో ఏళ్ల తరబడి పెట్టుకున్న వివాదాన్ని 2023 బడ్జెట్‌లో కేంద్రం ఒక్క సవరణతో తేల్చేసింది. దాదాపు పది వేల కోట్ల ఉపశమనం అని ఆర్థికమంత్రి సభలోనే చెప్పారు. అంటే చక్కెర కోసం కేంద్రం దగ్గర డబ్బు, అధికారం రెండూ ఉన్నాయి. బ్రెజిల్‌లో రాష్ట్రాలు పోటీపడి పన్ను రాయితీలిచ్చి ఫ్యాక్టరీలను ఒకరి నుంచి ఒకరు లాక్కున్నాయి. ఆ పోరును ఆపడానికి పన్నును తయారీ చోటు నుంచి వాడకపు చోటుకు మార్చుతూ 2023 డిసెంబరులో రాజ్యాంగాన్నే సవరించారు. రూల్సు మారితే ప్రభుత్వాల నడక మారుతుందని వాళ్లకు తెలుసు. మీకు తెలియదా?

తెలుసు. కరెంటు సంస్కరణలు కావాలనుకున్నప్పుడు కేంద్రం నాలుగేళ్ల పాటు రాష్ట్ర ఉత్పత్తిలో అర శాతం అదనపు అప్పును దానికి ముడిపెట్టింది. రాష్ట్రాలు రోడ్లూ భవనాలూ కట్టాలనుకున్నప్పుడు 50 ఏళ్ల వడ్డీలేని రుణం తెచ్చింది. అవసరమనుకున్నచోట తాయిలం ఎలా పెట్టాలో, కొరడా ఎలా పట్టాలో కేంద్రానికి ఎవరూ నేర్పనక్కరలేదు. మూతపడ్డ ఫ్యాక్టరీని తిరిగి తెరిచిన రాష్ట్రానికి ఆ రుణంలో ఒక వాటా ఎందుకు ఉండకూడదు? సెస్సు రూపంలో శక్కర్‌నగర్ బస్తా బస్తాకూ కట్టిన సొమ్ముకు ఆ మాత్రం హక్కు లేదా?

రాష్ట్ర మంత్రివర్గాన్ని అడగవలసింది ఇంకా సూటిగా ఉంది. బోధన్ చెరకు పేరుతో బడ్జెట్‌లో ఒక పద్దు తెరవండి. చెరకు నాటే ముందే రైతుతో మూడు సీజన్ల ఒప్పందం రాసుకోండి. శక్కర్‌నగర్ గానుగ అప్పటికి సిద్ధమైతే అక్కడికి, కాకపోతే కామారెడ్డి జిల్లా మిల్లులకు, లారీ కిరాయి ప్రభుత్వానిదే అని అందులో ఉండాలి. వడ్ల ఎకరానికి ఇచ్చే బోనస్ ఎంతో, చెరకు ఎకరానికీ అంత. చెల్లింపు 14 రోజులు దాటితే మిల్లు సంగతి తర్వాత, ముందు మీరే కట్టి మిల్లు దగ్గర వసూలు చేసుకోండి. ఇవన్నీ చేస్తే ఖర్చవుతుంది, నిజమే. ఇన్నేళ్లుగా ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారు? జీతం లేని కార్మికుడు పెట్టాడు, చదువు మాన్పించిన అతని పిల్లలు పెట్టారు, గిరాకీ పోయిన బోధన్ బజారు పెట్టింది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు కాబట్టి లేదనుకుంటున్నారు.

కేంద్రం వైపు నుంచి కావలసినవి పసుపు బోర్డుకు పార్లమెంటు చట్టం, ధర నిర్ణీత గీత కిందకు పడగానే ప్రతిపాదన కోసం ఆగకుండా జోక్య పథకం దానంతట అదే మొదలయ్యే నిబంధన. ఎన్నికల షెడ్యూలుకు ముందు నాలుగు రోజుల్లో ప్రకటన, నోటిఫికేషన్ రెండూ పూర్తిచేయగలిగినవారికి చట్టం చేయడానికి ఎన్ని సమావేశాలు కావాలి?

ముత్యంపేట, ముంబోజిపల్లి రైతులది కూడా ఇదే గోడు, ఊరి పేర్లే వేరు.

చెరకు ముచ్చె డిసెంబరు, జనవరిలలో నాటుతారు. వచ్చే ఏడాది నవంబరులో గానుగాడాలంటే ఈ నాట్లు పడాలి. నాట్లు పడాలంటే దీపావళి లోపు రైతు చేతిలో ఆ ఒప్పంద పత్రం ఉండాలి. దాని మీద రెండు ప్రభుత్వాల సంతకాలు ఉండాలి. ఎవరి సంతకం కింద ఎంత డబ్బో అంకెల్లో ఉండాలి. జవాబును కమిటీ పేరుతో పంపవద్దు. ఆ పత్రం నకలును బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు గ్రామ పంచాయతీ కార్యాలయాల గోడలకు అంటించండి. చదువుకొని, ఎడ్లు కడతారో ట్రాక్టరు కడతారో రైతులే తేల్చుకుంటారు.

ఇట్లు,
నిజామాబాద్ జిల్లా చెరకు, పసుపు రైతుల పక్షాన